గర్భిణీ స్త్రీలు – నొప్పి బిళ్ళలు

రెండు మాసముల క్రిందట మేమొక గ్రామ పంచాయతీ సమావేశమునకు వెళ్ళియుంటిమి. వీధి దీపములు, మంచినీటి గొట్టములు, శ్మశానమునకు దారి, ఈ మూడింటి చర్చ ముగిసి సభ్యులు లేవబోవుచుండగా ఒక సభ్యురాలు మమ్ము చూచి ఇట్లడిగినది:

"అయ్యా, పట్నంనుంచి వచ్చారు గనుక అడుగుతున్నాను. మా వీధిలో ఆరో నెల గర్భిణి రెండు రోజులుగా జ్వరంతో పడి ఉంది. ఆశా అమ్మాయి బిళ్ళలిచ్చినా వేసుకోవడం లేదు. ఆ బిళ్ళ వేసుకుంటే పుట్టే బిడ్డకు మాట రాదని, బుద్ధి ఎదగదని సెల్‌ఫోనులో చూసిందట. నిజమేనా?"

మేము సమాధానము చెప్పులోపలనే ఒక వృద్ధ సభ్యుడు అందుకొనెను: "మా కోడలు ఆ బిళ్ళ జోలికే పోదండీ. నడుము నొప్పికి మన డాక్టరు వారానికి రెండు సూదులు వేస్తున్నాడు. ఏ బాధా లేదు." ఆ డాక్టరునకు వైద్యపట్టము లేదని అచ్చటివారందరు ఎరుగుదురు. ఆ సూదిమందు పేరేమని మేమడుగగా, ఆయన మనుమడు ఇంటికి పరుగెత్తి ఖాళీ గాజుబుడ్డి నొకదానిని తెచ్చి చూపెను. దానిపై డైక్లోఫినాక్ అని అచ్చువేసియున్నది. ఆ కోడలికి అప్పుడు ఏడవ నెల.

మేము వైద్యులము కాము. కావున ఆ పూట తోచిన మాట చెప్పి రాలేదు. ఇద్దరు గర్భిణీలను మరునాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలసినదని మాత్రము చెప్పి, మేమును వెళ్ళి అచ్చటి వైద్యాధికారిణితో కూర్చుండి విషయమును విచారించితిమి. తెలిసికొన్న సంగతులను పంచాయతీ సభ్యుల యెదుట పెట్టుచున్నాము. ఒక్క మాట ముందుగనే చెప్పెదము. ఆ గ్రామమున భయము తప్పు మందు మీద పడినది. గర్భిణీలకు వైద్యులు మొదట ఇచ్చు బిళ్ళ గూటిలో పడియున్నది. భయపడవలసిన మందు వారమునకు రెండు మారులు ఒంటిలోనికి ఎక్కుచున్నది.

అన్నియు ఒక బిళ్ళ కావు

మన యూళ్ళలో నొప్పి బిళ్ళ యనిన అన్నియు ఒక్కటే. ఒక అట్ట తీసి చింపి ఇచ్చిన, ఇంటిల్లిపాదియు వాడుకొందురు. కాని వీనిలో రెండు జాతులు కలవు.

మొదటిది పారాసిటమాల్. డోలో, క్రోసిన్, కాల్‌పాల్ అను పేర్లతో మనకు పరిచితమైనది. అమెరికా దేశమున దీనినే ఎసిటమినోఫెన్ అందురు; అచ్చట టైలెనాల్ అనునది దాని వాడుక పేరు. 1878లోనే రసాయనశాలలో తయారైనను, ఈ పేరుతో అంగళ్ళకు వచ్చినది 1955లో. ఇది జ్వరమును దించును, నొప్పిని తగ్గించును. వాపుమీద దీని ప్రభావము స్వల్పము.

రెండవ జాతిలోనివి ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, నిమెసులైడ్, నాప్రొక్సెన్ మొదలైనవి. ఇవి వాపును కూడ తీయును. గట్టి మందులు. కోతలు, నాట్లు చేసి వచ్చిన వారికి నడుము పట్టు సడలించునవి ఇవియే గనుక మన పల్లెలలో వీనికి గిరాకి మెండు.

చిక్కు ఎచ్చట వచ్చుచున్నదనగా, ఈ రెండు జాతులను కలిపి ఒకే బిళ్ళగా అమ్ముచున్నారు. ఎసిక్లోఫినాక్, పారాసిటమాల్ కలిసినది యొకటి; ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిసినది మరియొకటి. పైన పెద్ద అక్షరములతో నున్నది కంపెనీ పెట్టిన పేరు మాత్రమే. లోపలి సరకు పేరు వెనుక ప్రక్క చీమకాళ్ళ వంటి అక్షరములలో నుండును. చదువుకొన్న వారే దానిని చూడరు. జలుబు బిళ్ళలలో సయితము తరచుగా పారాసిటమాల్ కలిసియుండును. కావున జలుబునకొకటి, జ్వరమునకొకటి మింగిన మనిషి ఒకే మందును రెండింతలు మింగినట్లే.

వదంతి యెట్లు పుట్టినది

2025 సెప్టెంబరు 22వ తేదీన అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ విలేఖరుల యెదుట, గర్భిణీలు ఎసిటమినోఫెన్ వేసికొనవలదని, పిల్లలలో ఆటిజముతో దానికి సంబంధమున్నదని పలికెను. ఆ మాట కొలది గంటలలో మన యూళ్ళ సెల్‌ఫోనులకు చేరినది. అంత వేగముగ చేరని మాట మరియొకటి కలదు. అదే దినమున అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అచ్చటి వైద్యులకు వ్రాసిన లేఖలో, కొన్ని పరిశీలనలలో సంబంధము కనబడినను ఆ బిళ్ళయే కారణమని స్థిరపడలేదని వ్రాసియున్నది. సెప్టెంబరు 24వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అట్టి సంబంధమును నిశ్చయముగ చూపు శాస్త్రీయ ప్రమాణము లేదని ప్రకటించినది.

ఆటిజమనునది మెదడు పెరుగుదలలో కలుగు ఒక భేదము. పేరు పెట్టి పిలిచిన పలుకకుండుట, కన్నులలోనికి చూడకుండుట, మాట ఆలస్యమగుట, ఒకే ఆటను ఒకే తీరున గంటలకొలది ఆడుట, చప్పుళ్ళకు బెదరుట, ఇట్టి లక్షణములు పసితనముననే కానవచ్చును. లియో కానర్ అను వైద్యుడు 1943లో అమెరికాలో పదునొకండుగురు పిల్లలను గూర్చి వివరముగ వ్రాసెను. నాటికి టైలెనాల్ అంగళ్ళలో లేదు. అంతమాత్రమున బిళ్ళ నిర్దోషి యని తీర్పు చెప్పరాదు గాని, ఆ బిళ్ళతోనే ఈ స్థితి లోకమునకు వచ్చినదను మాట మాత్రము నిలువదు.

మరి శాస్త్రజ్ఞులకు అనుమానమేల కలిగెను? గర్భకాలమున పారాసిటమాల్ వాడిన తల్లుల పిల్లలలో ఆటిజము, నిలుకడలేమి, ధ్యానము కుదరకుండుట వంటివి కొంచెమెక్కువగా నున్నట్లు పలు దేశముల లెక్కలలో కనబడినది. 2021లో 91 మంది శాస్త్రజ్ఞులు, వైద్యులు జాగ్రత్త చెప్పుచు ఒక ప్రకటనపై సంతకములు చేసిరి. 2025 ఆగస్టులో 46 పరిశీలనలను కూర్చిన సమీక్ష యొకటి వెలువడి అదే అనుమానమును బలపరచినది. కావున అనుమానము గాలిలో పుట్టినది కాదు. దానిని తేలికగా త్రోసివేయుటయు న్యాయము కాదు.

అయితే రైతు సోదరులకు తెలిసిన సంగతి యొకటి చెప్పెదము. ఏ పొలమున పురుగుమందు ఎక్కువగా చల్లిరో లెక్క తీసిన, ఆ పొలముననే పురుగు ఎక్కువగా నుండును. అందుచేత మందే పురుగును తెచ్చినదందుమా? పురుగు పట్టినందుననే గదా మందు చల్లినది! అట్లే జ్వరము, అంటువ్యాధి, తీరని తలనొప్పి గల తల్లియే బిళ్ళ ఎక్కువగా వాడును. బిడ్డకు కలిగిన తేడా ఆ జ్వరమువలననా, తల్లిదండ్రుల వంశమునుండి వచ్చినదా, బిళ్ళవలననా? వట్టి లెక్కలు దీనిని తేల్చలేవు.

దీనిని తేల్చుటకు స్వీడను దేశమున ఒక ఉపాయము చేసిరి. 1995 మొదలు 2019 వరకు అచ్చట పుట్టిన ఇంచుమించు 24 లక్షల 80 వేల మంది పిల్లల వివరములను పరిశీలించి 2024లో ప్రకటించిరి. పైపైన చూచినప్పుడు, పది సంవత్సరముల వయస్సునకు ఆటిజమున్నట్లు తేలినవారు బిళ్ళ వాడని తల్లుల పిల్లలలో నూటికి 1.33, వాడిన తల్లుల పిల్లలలో 1.53. స్వల్పమే యైనను తేడా కలదు. పిమ్మట ఒకే తల్లికి పుట్టిన బిడ్డలను పోల్చిరి. ఒక కాన్పున బిళ్ళ వాడినది, మరియొక కాన్పున వాడలేదు. తల్లి యొకతెయే, ఇల్లొకటియే, వంశమొకటియే. ఒకే చేనిలో ఒకే విత్తనము వేసి, రెండు పంటలను సరిచూచినట్లు. అప్పుడు ఆ తేడా మాయమైనది. ఆటిజము, నిలుకడలేమి, బుద్ధిమాంద్యము, మూడింటి విషయమునను ఇట్లే తేలినది.

ఈ పరిశీలనకు లోపము చూపువారును కలరు. ఆ లెక్కలో నూటికి 7.5 మంది తల్లులే బిళ్ళ వాడినట్లు వ్రాయబడినది. వాడియు చెప్పని వారు మరెందరో యుందురని వారి వాదము. అది సబబైన ఆక్షేపణయే. అంతేకాక 2013లో నార్వే దేశమున తోబుట్టువులను పోల్చియే చేసిన పరిశీలనలో, గర్భకాలమున మొత్తము 28 దినములకు మించి ఈ మందు వాడిన కాన్పుల బిడ్డలు మూడవ యేట నడకలో, మాటలో కొంత వెనుకబడినట్లు కనబడినది. మా బుద్ధికి తోచినదేమనగా, జ్వరము వచ్చిన రెండు పూటలు వేసికొను బిళ్ళకును, నెలల తరబడి అలవాటుగా మింగు బిళ్ళకును భేదము కలదు. మొదటిదానికి భయపడ నక్కరలేదు. రెండవదానిని వైద్యుని అడుగక చేయరాదు. అవసరమైనప్పుడు, సరిపడునంత తక్కువ మోతాదు, వీలైనంత తక్కువ దినములు: వైద్యులు చెప్పునది ఇదియే. దినమునకు 4 గ్రాములు మించిన కాలేయమునకు చేటు. అనగా 500 బిళ్ళలు ఎనిమిదింటికి, 650 బిళ్ళలు ఆరింటికి ఎన్నడును మించరాదు; సన్నని, బలహీనమైన స్త్రీకి అంతకంటెను తక్కువ చాలును.

నిజముగ జాగ్రత్త పడవలసిన మందులు

ఇక ఆ గాజుబుడ్డి సంగతి. గర్భమున శిశువు చుట్టును ఉమ్మనీరు ఉండును. ఇంచుమించు ఐదవ నెలనుండి ఆ నీరు చాలవరకు శిశువు మూత్రపిండములనుండి వచ్చునదే. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు మాయ దాటి శిశువును చేరి, ఆ మూత్రపిండముల పనిని మందగింపజేయును. ఉమ్మనీరు తగ్గును. అది చాల దినములు తగ్గియే యున్నచో శిశువు ఊపిరితిత్తులు, కాలుసేతులు సరిగా ఎదుగవు. అందుచేతనే అమెరికా ఔషధ సంస్థ 2020 అక్టోబరులో, 20 వారములు నిండిన పిమ్మట ఈ జాతి మందులు వాడరాదని హెచ్చరించినది. 30 వారములు దాటిన పిమ్మట మరియొక ఆపద. గర్భమునందలి శిశువు గుండె వద్ద రక్తమును ఊపిరితిత్తులకు పోనీయక ప్రక్కకు మళ్ళించు చిన్న నాళము కలదు. పుట్టిన తరువాత మూసికొనవలసిన ఆ నాళమును ఈ మందులు ముందే మూసివేయవచ్చును.

ఊరిమీద తిరుగు రాబందులు ఎచ్చటికి పోయినవని పెద్దలు అడుగుచుందురు. పశువులకిచ్చిన డైక్లోఫినాకే వాని మూత్రపిండములను చెడగొట్టి లక్షలలో చంపినదని తేలి, 2006లో మన దేశమున పశువైద్యమునకు ఆ మందు నిషేధింపబడినది. పక్షి వేరు, మనిషి వేరు. అయినను ఈ మందు మూత్రపిండముల జోలికి పోవునదని గుర్తుండుటకు ఇది చెప్పితిమి.

తెలియక ఒకటి రెండు బిళ్ళలు వేసికొన్న స్త్రీ గుండె బాదుకొన నక్కరలేదు. మానివేసిన తరువాత ఉమ్మనీరు సాధారణముగ మరల చేరును. మానుటయు, ఆ సంగతిని నర్సమ్మకు దాచక చెప్పుటయు ముఖ్యము.

పార్శ్వపు తలనొప్పికి ముందుజాగ్రత్తగా కొందరికి వాల్‌ప్రోయేట్ అను మందు ఇత్తురు. అది మూర్ఛ మందు కూడ. బిడ్డ బుద్ధి వికాసమునకు నిశ్చయముగ హాని చేయునని రుజువైన మందు ఇదియే. గర్భిణీలకు తలనొప్పికై దీనిని వాడరాదని 2013లోనే అమెరికాలో ఉత్తరువైనది. పారాసిటమాల్ మీది అనుమానమునకు ఊరంతయు వణకగా, దీని పేరు విన్నవారు ఆ సమావేశమున ఒక్కరును లేకుండిరి. అయితే మూర్ఛకై దీనిని వాడుచున్న స్త్రీ తనంతట తాను ఒక్కసారిగా మానిన, మూర్ఛలు తిరుగబెట్టి ప్రాణము మీదికి వచ్చును. గర్భము ధరింపక మునుపే వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను.

ఇంకొక హెచ్చరిక. రక్తపుపోటు రాగలదని తోచిన గర్భిణీలకు వైద్యులు చిన్న మోతాదు ఆస్పిరిన్ బిళ్ళ నిత్యము ఇత్తురు. అది నొప్పికి కాదు. ఈ వ్యాసము చదివి దానిని పారవేయరాదు.

జ్వరమును భరించుట పతివ్రతా ధర్మము కాదు

బిడ్డ కొరకు నోరు కట్టుకొని జ్వరమును ఓర్చుకొనుట త్యాగమని కొందరు తల్లులు తలచుచున్నారు. అది పొరపాటు. తొలి మాసములలో తీవ్రమైన జ్వరము శిశువు వెన్నుపాము, మెదడు ఏర్పడుటకే అడ్డు రావచ్చును. బిళ్ళవలన కలుగునో కలుగదో తెలియని హానికి వెరచి, జ్వరమువలన కలుగు హానిని కొని తెచ్చుకొనుట యగును. అట్లని బిళ్ళ మింగి ఊరకుండుటయు చాలదు. జ్వరమునకు వెనుక మూత్రమున చీము, మలేరియా, టైఫాయిడు ఏదో యుండును. గర్భిణికి 100.4 డిగ్రీల జ్వరము కనబడిన ఆ దినముననే నర్సమ్మకు తెలుపవలెను.

తలనొప్పి సంగతి ఇంతకంటె గట్టిది. ఐదవ నెల దాటిన గర్భిణికి తల పగులునట్లు నొప్పి, కన్నులు మసకలు క్రమ్ముట, ముఖము చేతులు ఉబ్బుట, డొక్క పైభాగమున నొప్పి, ఇవి కనబడిన అది గుఱ్ఱపువాతమునకు ముందు సూచన కావచ్చును. ఇట్టి తలనొప్పికి కిరాణా కొట్టు బిళ్ళ వేసి పడుకొనబెట్టిన ఇంటిలో, తెల్లవారునప్పటికి తల్లియు బిడ్డయు దక్కక పోయిన కథలు వైద్యాధికారిణి చెప్పగా వింటిమి. రక్తపుపోటు చూచుటకు ఐదు నిమిషములు చాలును. 108 బండిని పిలుచుటకు అంతకంటె తక్కువ.

పంచాయతీ చేయదగినది

ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీల కొప్పగించదగిన విషయములుగ చేర్చబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ పంచాయతీ నీడలో నడచునదే. కాని చాల ఊళ్ళలో అది సంతకముల పుస్తకమునకే పరిమితమైయున్నదని మేము మొగమాటము లేక చెప్పుచున్నాము.

చేయవలసినది పెద్ద ఖర్చు కాదు. వేయి మందికి మించని గ్రామమున పారాసిటమాల్, ఆస్పిరిన్ వంటి కొన్ని ఇంటి మందులను లైసెన్సు లేకయే అమ్ముకొనుటకు 1945 నాటి ఔషధ నియమములు అనుమతించుచున్నవి. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ ఆ పట్టికలోనివి కావు. వైద్యుని చీటి లేనిదే అమ్మరానివి. కిరాణా కొట్టు యజమానికి ఈ భేదమును సర్పంచి స్వయముగ చెప్పిన, తనిఖీ అధికారి చెప్పినదానికంటె ఎక్కువ పని చేయును. సూదులు వేయువానికిని అట్లే: ఎవరి ఇంట గర్భిణి యున్నదో ఆ ఇంట నొప్పి సూది వేయరాదు, నడుము నొప్పి యనిన ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. ప్రతి నెల 9వ తేదీన అచ్చట గర్భిణీలను వైద్యులు ఉచితముగ పరీక్షింతురు. ఆ దినమున ప్రతి గర్భిణియు ఇంటిలో వాడుచున్న అట్టలన్నింటిని ఒక సంచిలో వేసికొని పోయిన, ఏది ఉంచవలెనో ఏది పారవేయవలెనో ఒక్క చూపులో తేలును.

మరియొక విషయము చెప్పక తప్పదు. అదే గ్రామమున నాలుగేండ్ల బాలుడొకడున్నాడు; మాట రాలేదు. సెల్‌ఫోను వార్త వచ్చిన నాటినుండి అత్తగారు, "కడుపుతో ఉన్నప్పుడు నువ్వు మింగిన బిళ్ళే నా మనవణ్ణి ఇలా చేసింది" అని కోడలిని దెప్పుచున్నదట. 1950, 60 దశకములలో పాశ్చాత్య దేశములలో పెద్ద చదువులు చదివిన వారే, తల్లికి ప్రేమ చాలనందున బిడ్డకు ఆటిజము వచ్చునని పుస్తకములు వ్రాసిరి. అది శుద్ధ తప్పని తేలులోపల వేలమంది తల్లులు ఆ నిందను మోసిరి. ఇప్పుడు బిళ్ళ పేరుతో మరల అదే నింద. పంచాయతీ పెద్దలు ఇట్టి ఇంటికి వెళ్ళి రెండు మాటలు చెప్పుట వారి పనియే యని మా అభిప్రాయము. ఆ బాలునికి కావలసినది విచారణ కాదు, పరీక్ష. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండు మారులు వచ్చును. లోపము కనబడిన పిల్లలను జిల్లా శీఘ్ర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. మాట, నడవడి నేర్పు చికిత్స ఎంత చిన్న వయస్సున మొదలైన అంత మేలు.

జ్వరముతో నున్న ఆ ఆరవ నెల గర్భిణికి మూత్రమున చీము కలదని పరీక్షలో తేలినది. పారాసిటమాల్‌తో జ్వరము దిగినది. చీమునకు వైద్యాధికారిణి ఇచ్చిన మందుతో వారము దినములలో లేచి తిరిగినది. ఏడవ నెల కోడలికి స్కానింగు చేయగా ఉమ్మనీరు తక్కువగా నున్నది. సూదులు ఆపించిరి. పదునైదు దినముల తరువాత మరల చూడగా నీరు సరిపడ చేరియున్నదని ఆమె మామగారు మాకు ఫోను చేసి చెప్పిరి. నాలుగేండ్ల బాలుని వచ్చు మంగళవారము జిల్లా కేంద్రమునకు తీసికొనిపోవుచున్నారు. వెంట ఆ సభ్యురాలును వెళ్ళుచున్నది.